సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ 5 సిరీస్, బెంజ్ ఇ-క్లాస్ కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో పాత లగ్జరీ సెడాన్లు కొనే ముందు చెక్ చేసిపెట్టడం నా పని. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, హెచ్ఎస్ఆర్ వైపు నుంచి ఫోన్ చేసేవాళ్లలో మన తెలుగోళ్లు బాగానే ఉంటారు, అందరూ ముందు అడిగేది ఒకటే, "అన్నా, బీఎండబ్ల్యూ తీసుకోమంటావా బెంజా?" అని. రెండూ మంచి బళ్లే, కానీ మీకు అమ్ముతున్న ఆ ఒక్క బండి ఇన్నాళ్లూ ఎట్లా తిరిగిందో అది చూడాలి ముందు.

అపోహ: డీజిల్ బండి, తక్కువ తిరిగింది, కళ్లు మూసుకుని కొనేయొచ్చు.

ఇదే నాకు ఎక్కువ భయం. బీఎండబ్ల్యూ 520డి అయినా బెంజ్ ఇ220డి అయినా డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్‌కి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ అస్సలు పడదు. ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, దానికి హైవే మీద ఓ ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా పోవాలి, రోజూ ఆఫీసుకి వెళ్లి బేస్‌మెంట్‌లో ఆపేసే బండికి ఆ అవకాశం ఎక్కడిది. మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ కొడుతుంది, మధ్యలో బండి ఆపేస్తే ఆ డీజిల్ కొంత కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పల్చబడితే టర్బోకి చేటు. ఇప్పటి బీఎండబ్ల్యూల్లో చాలావాటికి ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, ఉండదు, లెవెల్ స్క్రీన్‌లోనే చూడాలి, మ్యాక్సిమమ్ దాటి చూపిస్తే నేను అక్కడే ఆగిపోతా. స్కానర్ పెడితే ఫిల్టర్‌లో మసి ఎంతుందో, చివరిసారి కాలి ఎన్ని కిలోమీటర్లయిందో కూడా వచ్చేస్తుంది. నెలకోసారి అనంతపురమో కర్నూలో పోయొచ్చే బండి లక్ష తిరిగినా పర్లేదు, సిటీలోనే ముప్పై వేలు తిరిగిన దానికన్నా నేను దానికే ఓటేస్తా.

అపోహ: గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదు.

5 సిరీస్‌లో ఉండే 8 స్పీడ్ ఆటోమేటిక్ జెడ్‌ఎఫ్ అనే కంపెనీ వాళ్లది. బీఎండబ్ల్యూ లైఫ్‌టైమ్ అంటుంది, గేర్‌బాక్స్ చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం నడిపే తీరును బట్టి 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. నేను చేసినోడి మాటే వింటా. ఆ గేర్‌బాక్స్ కింద ఉండే ప్యాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ అందులోనే కలిసి వస్తుంది కాబట్టి మారిస్తే మొత్తం మార్చాలి, ఖర్చు గట్టిగానే అవుతుంది, ఆ మొత్తం బేరంలో తగ్గించుకోండి. బండి లిఫ్ట్ మీద ఉన్నప్పుడు ప్యాన్ అంచుల్లో తడి ఉందేమో టార్చ్ వేసి చూడాలి.

అపోహ: టెస్ట్ డ్రైవ్‌లో స్మూత్‌గా ఉంది, చాలు.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉందంటే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూసి, మర్నాడు పొద్దున వస్తా అని చెప్పి వచ్చేయండి. కోల్డ్ స్టార్ట్‌లో, అంటే బాగా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు, వినాల్సింది వేరు. పాత ఎఫ్10 తరం 520డిల్లో వచ్చే ఎన్47 ఇంజిన్‌కి టైమింగ్ చెయిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, అది అరిగితే స్టార్ట్ కాగానే వెనక నుంచి గరగరమని ఇనుము రాసుకున్న చప్పుడు వస్తుంది. దాన్ని మార్చాలంటే ముందు గేర్‌బాక్సో ఇంజినో కిందికి దించాలి, కూలీయే వాచిపోతుంది. తర్వాత వచ్చిన బీ47 ఇంజిన్‌లో కూడా చెయిన్ వెనకే ఉంది కానీ ఈ గోల బాగా తగ్గింది.

అపోహ: వరదలో మునిగిన బండి చూడగానే తెలిసిపోతుంది.

తెలీదు సార్. 2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, యెమలూరు వైపు ఎంత ఖరీదైన కార్లు మునిగాయో అందరూ చూశారు. లోపల డీటెయిలింగ్ చేసి సెంట్ కొడితే కొత్త బండిలా ఉంటుంది. మీరు చేయాల్సింది, సీట్ బెల్ట్ చివరి దాకా లాగడం. సామాన్యంగా ఎవరూ అంత దూరం లాగరు, అందుకే కడిగేవాడూ లాగడు, అడుగున మట్టి గీత అట్లాగే ఉంటుంది. తర్వాత ముందు సీటు వెనక్కి జరిపి పట్టాల మీద, బోల్టుల మీద తుప్పు చూడండి. 5 సిరీస్‌లో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఆ మూల కూడా వదలొద్దు. మునిగిన బండి ఎంత చవకైనా నేను వద్దనే అంటా, వైరింగ్‌లో నీళ్లు పోయినంక అది ఎప్పుడు ఏ లైటు వెలిగిస్తుందో దానికే తెలీదు.

అపోహ: డ్రైవర్ ఉంటే బెంజ్, సొంతంగా నడిపితే బీఎండబ్ల్యూ.

ఒకప్పుడు నిజమే. 2017 నుంచి మనకొచ్చిన ఇ-క్లాస్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 3079 ఎంఎం, అప్పటి జీ30 తరం 5 సిరీస్‌ది 2975, వెనక కూర్చుంటే తేడా మోకాళ్లకే తెలిసేది. 2024లో బీఎండబ్ల్యూ కూడా 3105 ఎంఎం వీల్‌బేస్ ఉన్న పొడుగు బండి తెచ్చింది కాబట్టి కొత్తవాటిలో ఆ మాట చెల్లదు. అయితే పొడుగుకి ఇంకో లెక్కుంది, మన లేఅవుట్లలో కార్పొరేషన్ పర్మిషన్ లేకుండా వేసిన హంపులు ఎక్కితే బండి పొట్ట ఆనుతుంది. కింద ప్లాస్టిక్ కవర్లు గీసుకుపోయి సగం ఊడి, ట్యాగులతో కట్టి ఉంటాయి, పైనుంచి చూస్తే ఏం కనపడదు. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంత దూరం నడిచేవి) ఉన్న బండి అయితే గుంతల్లో ఇంకా గట్టిగా కొడుతుంది, రిమ్ము లోపలి అంచు వంగిందేమో తడిమి చూడండి. టైరు మీద నాలుగంకెల్లో వారం, సంవత్సరం ఉంటాయి, నాలుగు టైర్లూ నాలుగు కంపెనీలవైతే ఆ ఓనర్ మిగతా ఖర్చులు ఎట్లా పెట్టుంటాడో మీరే ఊహించుకోండి.

నడిపే సరదా అంత లేదు, తలనొప్పి వద్దు అనేవాళ్లకి నేను లెక్సస్ ఈఎస్300హెచ్ చూడమంటా, మన పక్కన బిడదిలోనే తయారవుతుంది, పెట్రోల్ హైబ్రిడ్ కాబట్టి డీపీఎఫ్ గొడవ లేదు. కార్నర్లలో 5 సిరీస్ లాంటి మజా మాత్రం అడగొద్దు.

అపోహ: పదేళ్లు దాటిన డీజిల్ స్క్రాపే.

ఆ రూల్ వచ్చింది ఢిల్లీ ఎన్‌సీఆర్‌కి. కర్ణాటకలో ఆర్‌సీ పదిహేనేళ్లు, తర్వాత ఫిట్‌నెస్ పాసైతే రెన్యువల్. అందుకే ఢిల్లీ బళ్లు ఇక్కడికి చవగ్గా వస్తుంటాయి. చవక చూసి ఎగబడకండి, కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకి లైఫ్‌టైమ్ ట్యాక్స్ 18 శాతం, పైన సెస్సు. పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారు, కానీ లెక్క మొదలయ్యేది దాని కొత్త ధర నుంచే. పాత ఆర్‌టీవో ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉందా, ఫైనాన్స్ క్లియరయిందా చూసుకుని, ఆర్‌టీవోలో ట్యాక్స్ ఎంతో కనుక్కుని అప్పుడు బేరానికి కూర్చోండి, టోకెన్ అడ్వాన్స్ ఆ తర్వాతే.