పిల్లల మోషన్స్, పేగుల్లోని వైరస్‌లు: ఓపీలో రోజూ వినే అపోహలు

అపోహ: పళ్ళు వస్తున్నాయి, అందుకే మోషన్స్.

పళ్ళు వచ్చే వయసూ, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే. ఆ చేతుల వెంట లోపలికి పోయేది చాలాసార్లు మోషన్స్ తెప్పించే వైరస్‌లు, అంటే రోటావైరసో, నోరోవైరసో. పళ్ళ మీద నెపం పెట్టి రెండు రోజులు ఊరుకుంటే, ఈలోగా బిడ్డ కళ్ళు పీక్కుపోయి, ఏడ్చినా కన్నీళ్ళు రాని స్థితిలో మా దగ్గరికొస్తుంది.

అపోహ: యాంటీబయాటిక్ రాస్తేనే తగ్గుతుంది.

వైరస్ మీద అది పనిచేయదు, అంతే. మలంలో రక్తం పడితే సంగతి వేరు, వెంటనే తీసుకురండి. రోటావైరస్ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది, తాగిన నీళ్ళు సరిగా ఇంకవు. కొత్త పొర రావడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడమే అసలు వైద్యం. గొడవంతా ఇక్కడే. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో సగం తీసి పాలసీసాలో కలిపేస్తారు, ఉప్పు ఎక్కువై లేనిపోని ప్రమాదం. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. షాపుల్లో దొరికే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కాదు, ఆ చక్కెరకు మోషన్స్ ఇంకా పెరుగుతాయి. ఆ డ్రింకుల డబ్బా మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని దేశ ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది! ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ రోజుకు 20 మి.గ్రా., 14 రోజులు, మధ్యలో తగ్గిపోయినా సరే.

అపోహ: లంఖణం పరమౌషధం.

పసిపిల్లలకు కాదు. తల్లిపాలు ఆపొద్దు, పెరుగన్నం పెట్టొచ్చు.

అపోహ: చుక్కలు వేయించాం కదా, మళ్ళీ ఎందుకొచ్చింది?

ముందు అవి పోలియో చుక్కలా, రోటా చుక్కలా అని కార్డు చూడండి. రోటావైరస్‌కు టీకా అయిన రోటా చుక్కలు 6, 10, 14 వారాలకు వేస్తారు. 2016లో ప్రభుత్వం వీటిని ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాద్‌లో తయారయ్యే రోటా టీకా రోటావాక్, ట్రయల్స్‌లో మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను సగానికి పైగా తగ్గించింది. మిగతా వైరస్‌లను అది ఆపదు, రోటా వచ్చినా సెలైన్ దాకా వెళ్ళే అవకాశం తగ్గుతుంది.

అపోహ: పేగుల్లో వైరస్ ఉందంటే జబ్బే.

పుట్టగానే బిడ్డ మలంలో వైరస్‌లు దాదాపు కనిపించవు, నెల తిరిగేసరికి గ్రాముకు వంద కోట్ల దాకా చేరతాయి. వాటిలో ఎక్కువ భాగం ఫాజ్‌లు, అంటే మన జోలికి రాకుండా బ్యాక్టీరియా మీద పడేవి. తల్లిపాలు తాగే పిల్లల్లో మనుషులకు సోకే వైరస్‌లు తక్కువగా కనిపించాయి. శుభ్రంగా ఆడుకుంటున్న పిల్లాడికి వేలు పోసి స్టూల్ పీసీఆర్ (మలంలో వైరస్ జన్యువుల్ని వెతికే పరీక్ష) చేయించి, ఏదో పాజిటివ్ అని రాత్రి పదకొండుకు నాకు రిపోర్టు వాట్సాప్ చేసి టెన్షన్ పడకండి.