బ్రిటిష్ టీవీ కామెడీలో క్యారెక్టర్ ఆర్టిస్టు పని: అపోహలు - వాస్తవాలు

"ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడవు, నీకు కామెడీ వేషాలు ఎవరిస్తున్నార్రా?" అని మా పెద్దనాన్న ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతుంటారు. గుంటూరు జిల్లాలో పరిషత్తు నాటకాలు వేసిన మనిషి ఆయన. నేను పద్నాలుగేళ్ళుగా లండన్‌లో ఉంటూ టీవీ కామెడీల్లో చిన్న చిన్న వేషాలు వేస్తున్నాను. మందుల షాపాయన, పక్కింటాయన, ఒక్క సీన్‌లో వచ్చి వెళ్ళిపోయే డాక్టరు, ఇలాంటివి. మా పెద్దనాన్న అడిగిన ప్రశ్నే రకరకాలుగా చాలామంది అడుగుతారు కాబట్టి, దానితోనే మొదలుపెడతాను.

అపోహ: కామెడీ చేసేవాళ్ళు పుట్టుకతోనే సరదా మనుషులు

వాస్తవం: కాదు. ఈ రంగంలో గొప్పవాళ్ళు చాలామంది సీరియస్ నాటకం నుంచి వచ్చినవాళ్ళే. 'డాడ్స్ ఆర్మీ'నే తీసుకోండి. 1968 నుంచి 1977 వరకు బీబీసీలో 80 ఎపిసోడ్లు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సముద్ర తీరంలోని ఒక చిన్న ఊళ్ళో కాపలా దళంగా చేరిన మామూలు మనుషుల కథ. అందులో ఫ్రేజర్‌గా వేసిన జాన్ లారీ షేక్‌స్పియర్ నాటకాల్లో పండిపోయిన నటుడు. మెతక మనిషి గాడ్‌ఫ్రీగా వేసిన ఆర్నాల్డ్ రిడ్లీ నిజజీవితంలో మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 నాటి సోమ్ పోరులో గాయపడ్డ సైనికుడు. తర్వాత 'ది ఘోస్ట్ ట్రెయిన్' అనే నాటకం రాసి పేరు తెచ్చుకున్నాడు.

ఇక ఆ దళం నాయకుడు కెప్టెన్ మేనరింగ్‌గా వేసినాయన పేరు ఆర్థర్ లో. ఒక సీన్ ఉంది, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళందరికీ చూపిస్తుంటాను. బందీగా దొరికిన జర్మన్ కెప్టెన్ ఒకడు, తనను వెక్కిరించిన కుర్రాడి మీద పగబట్టి, నీ పేరేంటి, రాసుకుంటాను చెప్పు అంటాడు. మేనరింగ్ వెంటనే అడ్డుపడి "వాడికి చెప్పకు, పైక్!" అంటాడు. పేరు బయటపడిపోయింది! ఆ క్షణంలో ఆర్థర్ లో మొహం చూడండి. తన కుర్రాణ్ణి కాపాడుకోవాలన్న ఆత్రం తప్ప ఇంకేమీ కనబడదు. తాను అంటున్నది జోకు అని ఆయన కంటికి కూడా తెలియనట్టు ఉంటుంది. నవ్వించాలని చూసి ఉంటే ఆ లైను అక్కడే చచ్చిపోయేది. మేనరింగ్ దృష్టిలో అది యుద్ధం, పైక్ తన బాధ్యత. మా పనంతా అక్కడే ఉంది. జోకు రాసినవాళ్ళు రాశారు, మనం ఆ మనిషిని నమ్మాలి.

అపోహ: ఆ నవ్వులన్నీ డబ్బాలో దాచినవి, తర్వాత అతికిస్తారు

వాస్తవం: బ్రిటిష్ సిట్‌కామ్‌లు, అంటే అవే పాత్రలతో వచ్చే కామెడీ సీరియళ్ళు, చాలావరకు స్టూడియోలో ప్రేక్షకులను కూర్చోబెట్టి, వాళ్ళ ముందే రికార్డు చేసినవి. బయట తీసిన సీన్లను కూడా ఆ సాయంత్రం స్టూడియోలో తెర మీద వేసి చూపించి, వాళ్ళు నవ్విన నవ్వునే పట్టుకునేవారు. 70లలో బీబీసీ వాళ్ళకు నార్త్ ఆక్టన్‌లో రిహార్సల్ గదుల భవనం ఒకటి ఉండేది. నటులు దాన్ని ముద్దుగా 'ఆక్టన్ హిల్టన్' అనేవారు. సెట్టు గోడలు, తలుపులు ఏవీ ఉండేవి కావు. ఎక్కడ ఏముందో నేల మీద రంగు టేపు అంటించి గుర్తు పెట్టేవారు. కొన్ని రోజులు అక్కడ రిహార్సల్ చేసి, స్టూడియోకి వెళ్ళి, కెమెరాలతో ఒకసారి చూసుకుని, రాత్రికి జనం ముందు చేసేయడమే.

జనం నవ్వుతుంటే ఆగాలి. ఆగినట్టు కనబడకూడదు. నవ్వు పూర్తిగా చల్లారాక మాట్లాడితే సీన్ చప్పబడుతుంది, ముందే మాట్లాడితే లైను వినబడదు. నవ్వు దిగుతున్నప్పుడు అందుకోవాలి. ఆ లెక్క ఏ స్క్రిప్టులోనూ రాసి ఉండదు. నా మొదటి రికార్డింగ్‌లో టెన్షన్‌తో నవ్వు మీదే డైలాగ్ చెప్పేశాను, మళ్ళీ చేయాల్సి వచ్చింది. రెండోసారి జనానికి ఆ జోకు ముందే తెలుసు.

అపోహ: ముసలి వేషం ముసలివాళ్ళకే

వాస్తవం: 'డాడ్స్ ఆర్మీ'లో తడబడుతూ తిరిగే ముసలి జోన్స్‌గా వేసిన క్లైవ్ డన్ 1920లో పుట్టాడు. అంటే మొదలైనప్పుడు 48 ఏళ్ళు, కెప్టెన్ వేసిన ఆర్థర్ లో కంటే నాలుగేళ్ళకు పైగా చిన్న. 'పోరిడ్జ్'లో ముసలి ఖైదీ బ్లాంకోగా వేసినప్పుడు డేవిడ్ జేసన్‌కు ముప్పై దాటి కొన్నేళ్ళే. విగ్గు, మేకప్ సగం పని చేస్తాయి. మిగతా సగం నడక.

అపోహ: యాస పెడితే పాత్ర వచ్చేసినట్టే

వాస్తవం: ఇది నన్ను బాధపెట్టే విషయం. ఒక ఆడిషన్‌లో నేను చదవడం అయ్యాక "ఇంకాస్త ఇండియన్‌గా చెయ్యండి" అన్నారు. నేను ఇండియనే. నా మాట తీరూ అదే. వాళ్ళకు కావలసింది మనిషి కాదు, తల ఊపుతూ మాట్లాడే బొమ్మ. ఆ వేషం వదులుకున్నాను.

దీని వెనక చరిత్ర ఉంది. 1974లో మొదలైన 'ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్'లో రంగీ రామ్ అనే భారతీయుడి పాత్రను మైకేల్ బేట్స్ అనే ఇంగ్లీషు నటుడు మొహానికి రంగు పూసుకుని వేశాడు. ఆయన పుట్టింది ఝాన్సీలోనే, భాషా వచ్చు, అయినా రంగు రంగే. అదే సిరీస్‌లో చాయ్‌వాలాగా వేసిన డీనో షఫీక్ ఢాకాలో పుట్టినవాడు. 1977లో వచ్చిన 'మైండ్ యువర్ లాంగ్వేజ్'లో అలీగా మనవాళ్ళు గుర్తుపట్టేది ఆయన్నే. ఆ కార్యక్రమం యాసల మీదే నడిచింది, దాని మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. కానీ షఫీక్‌ను జాగ్రత్తగా చూడండి. అలీ తప్పు చెప్పిన ప్రతిసారీ ఒప్పు చెప్పాననే నమ్మకంతో చెబుతాడు. ఇచ్చిన కొంచెం చోటులోనే ఆయన ఒక మనిషిని నిలబెట్టాడు. 1998లో 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' టీవీకి వచ్చాకే మనవాళ్ళు రాసింది మనవాళ్ళు చేస్తే ఎలా ఉంటుందో బ్రిటన్ అంతా చూసింది.

'ఫాల్టీ టవర్స్'లో స్పెయిన్ వెయిటర్ మాన్యుయెల్‌గా వేసిన ఆండ్రూ సాక్స్ బెర్లిన్‌లో పుట్టి, నాజీల భయంతో చిన్నప్పుడే కుటుంబంతో బ్రిటన్ చేరినవాడు. ఆ పాత్రను స్పెయిన్ కోసం డబ్బింగ్ చేసినప్పుడు ఇటాలియన్‌గా మార్చారు. యాస పోయినా పాత్ర మిగిలింది, ఎందుకంటే యజమానిని ఎలాగైనా మెప్పించాలనే ఆ ఆరాటం సాక్స్ ఒంట్లో ఉంది, నాలుక మీద కాదు.

అపోహ: ఒక్కటి హిట్టయితే జీవితం సెటిల్

వాస్తవం: 'ఫాల్టీ టవర్స్' మొత్తం 12 ఎపిసోడ్లే, 1975లో ఆరు, 1979లో ఆరు. ఇక్కడ ఏడాదికి ఆరు ఎపిసోడ్లంటే మామూలే. మళ్ళీ ప్రసారమైతే కొంత డబ్బు వస్తుంది, కానీ మిగతా నెలల్లో అద్దె కట్టాలి కదా. అందుకే రేడియో, నాటకం, ప్రకటనలకు గొంతు ఇవ్వడం, అన్నీ చేస్తాం. 'లాస్ట్ ఆఫ్ ది సమ్మర్ వైన్' 295 ఎపిసోడ్లలో ప్రతి ఒక్కదానిలోనూ ఉన్న ఏకైక నటుడు పీటర్ సాలిస్. ఆయన కూడా ఒక విద్యార్థి తీస్తున్న మట్టిబొమ్మల సినిమాకు గొంతు ఇచ్చాడు, ఓ ధర్మసంస్థకు 50 పౌండ్లు ఇస్తే చాలన్నాడు. ఆ విద్యార్థి నిక్ పార్క్, ఆ బొమ్మ తర్వాత 'వాలెస్ అండ్ గ్రోమిట్' సినిమాలతో పేరు తెచ్చుకున్న వాలెస్.

అపోహ: నలభై దాటాక మొదలుపెట్టి ఏం లాభం

వాస్తవం: లిజ్ స్మిత్ గురించి చెప్తాను. 1921లో పుట్టింది. భర్తతో విడిపోయి, ఇద్దరు పిల్లలను పెంచుకుంటూ దొరికిన పనల్లా చేసింది. దాదాపు యాభై ఏళ్ళ వయసులో, లండన్‌లో హామ్లీస్ బొమ్మల షాపులో పని చేస్తుండగా, దర్శకుడు మైక్ లీ నుంచి పిలుపు వచ్చింది. తర్వాత 'ఎ ప్రైవేట్ ఫంక్షన్'లో వేషానికి బాఫ్టా అనే బ్రిటిష్ సినిమా అవార్డు తీసుకుంది. 'ది వికార్ ఆఫ్ డిబ్లీ'లో విచిత్రమైన వంటలు చేసే లెటీషియాగా జనం ముందు చేసింది. 1998లో మొదలైన 'ది రాయిల్ ఫ్యామిలీ'లో, స్టూడియో ప్రేక్షకులు లేకుండా, నవ్వులు లేకుండా, సోఫాలో కూర్చుని మాట్లాడే 'నానా' అనే అమ్మమ్మగా చేసింది. రెండూ పూర్తిగా వేరు పనులు. ఆవిడకు రెండూ వచ్చు. నానా నోటి వెంట వచ్చేవన్నీ మా అమ్మమ్మ భోజనం దగ్గర అనే మాటల్లాగే ఉంటాయి.

ఆవిడ అరవైల్లో, డెబ్బైల్లో, ఎనభైల్లో కూడా వేషాలు వేస్తూనే ఉంది.