పెరట్లో పది మీటర్ల గోల్ఫ్

2023 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆగస్టా నేషనల్ మైదానంలో మాస్టర్స్ పోటీ చివరి రోజున, తెలుగు మూలాలున్న అమెరికన్ గోల్ఫర్ సాహిత్ తీగల పదహారో హోల్ దగ్గర గ్రీన్ (రంధ్రం చుట్టూ గడ్డిని బాగా పొట్టిగా కత్తిరించిన చోటు) బయటి నుంచి కొట్టిన చిప్ షాట్ (బంతి కొద్దిగా లేచి, పడ్డాక దొర్లే చిన్న దెబ్బ) వాలు వెంట ఒంపు తిరిగి నేరుగా రంధ్రంలో పడింది. 2005లో అక్కడే టైగర్ వుడ్స్ కొట్టిన షాట్ చాలామందికి గుర్తుకొచ్చింది. ఇలాంటి షాట్లలో మన చూపంతా దొర్లే బంతి మీదే ఉంటుంది కానీ, ఆటగాడు చేయగలిగినదంతా అప్పటికే అయిపోయి ఉంటుంది. బంతి ఎంత వేగంతో లేచింది, ఏ కోణంలో లేచింది, ఎక్కడ నేలను తాకింది అన్న ఈ మూడింటినీ సాధన చేయడానికి ఇంటి వెనుక పది పన్నెండు మీటర్ల పచ్చిక చాలు.

లెక్క చూద్దాం. గోల్ఫ్ బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అలాంటి బంతి 30 డిగ్రీల కోణంలో లేచి 10 మీటర్ల దూరంలో పడాలంటే దాని వేగం సెకనుకు దాదాపు 10.6 మీటర్లు ఉండాలి. అది మనిషి భుజం ఎత్తుకు అటూ ఇటూగా లేచి, సెకనుకు కాస్త ఎక్కువ సమయంలో దిగుతుంది. ఆ వేగం దగ్గర గాలి నిరోధం బంతి బరువులో పదో వంతు మాత్రమే కాబట్టి పాఠశాలలో చదివిన ప్రక్షేపక సూత్రాలు ఇక్కడ దాదాపుగా సరిపోతాయి. బంతిని చాలా దూరం పంపే డ్రైవర్ అనే క్లబ్బుతో (గోల్ఫ్ కర్రతో) బలంగా కొట్టినప్పుడు అదే నిరోధం బంతి బరువుకు రెట్టింపు దాటుతుంది. దూరం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, వేగం పది శాతం పెరిగితే బంతి రెండు మీటర్లు అదనంగా పోతుంది. చిన్న షాట్‌లో చిన్న తేడా ఇంత పెద్దదిగా కనబడడానికి కారణం ఇదే.

క్లబ్బు, బంతి ఒకదానినొకటి తాకి ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు కాలం. దెబ్బ తగిలిన సంగతి చేతుల నుంచి మెదడుకు చేరేసరికే బంతి వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి ఆ క్షణంలో దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. నేల నుంచి బంతి నడుము వరకు ఉన్న ఎత్తు 21 మిల్లీమీటర్లే. చిన్న షాట్లకు వాడే వెడ్జ్ అనే క్లబ్బు ముందు అంచు ఆ నడుముకు తగిలితే బంతి లేవకుండా చదునుగా దూసుకుపోతుంది, బంతికి ముందే నేలలో దిగబడితే రెండడుగులు కూడా కదలదు. అందువల్ల పెరటి సాధనలో మొదట పట్టుకోవలసింది క్లబ్బు నేలను ఎక్కడ తాకుతోందన్న విషయమే అని నా అభిప్రాయం.

దీన్ని చూడడానికి ముగ్గుపిండి బాగా పనికొస్తుంది. పచ్చిక మీద లక్ష్యానికి అడ్డంగా సన్నని గీత వేసి, దానికి ఇరువైపులా పాదాలుంచి, బరువు కొంచెం ముందు కాలి మీద మోపి, బంతి లేకుండా క్లబ్బు ఊపాలి. గడ్డి నలిగిన చోటు గీత దగ్గర మొదలై లక్ష్యం వైపుకు సాగితే ఊపు సరిగ్గా ఉన్నట్టు. గీతకు వెనకే మొదలైతే బంతికి ముందే నేల తగులుతున్నట్టు. ఒకసారి క్లబ్బును తిప్పి అడుగుభాగం కూడా చూడండి. తెల్లపిండి ముందు అంచుకే అంటుకుంటే అంచు నేలను తవ్వుతోంది. అడుగున వెడల్పుగా పరుచుకుంటే, వెడ్జ్‌కు కావాలనే ఇచ్చిన ‘బౌన్స్’ అనే వంపు తన పని చేస్తూ, క్లబ్బు దిగబడకుండా జారేలా చూస్తోంది. ప్లాస్టిక్ మ్యాట్ మీద ఈ తేడా తెలియదు. వెనక తగిలిన క్లబ్బు కూడా జారి బంతిని చక్కగానే లేపుతుంది, అందుకే నేను మ్యాట్‌ను అంతగా నమ్మను.

ఇక లక్ష్యం. ఒకే చోట తువ్వాలు పరిచి దానిమీదికే వరుసగా కొట్టడం ఇష్టంగా ఉంటుంది, త్వరగా కుదురుతుంది కూడా. అయితే 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లల చేత గింజల సంచులు విసిరించినప్పుడు, 3 అడుగుల దూరానికే సాధన చేసినవారికన్నా 2, 4 అడుగుల దూరాలకు మార్చి మార్చి సాధన చేసినవారే 3 అడుగుల పరీక్షలో మెరుగ్గా విసిరారు. ఈ ఫలితం అన్ని నైపుణ్యాలకూ ఇదే స్థాయిలో వర్తిస్తుందని చెప్పలేం. అయినా ఆటలో ఒకే దూరం వరుసగా రెండుసార్లు రావడం అరుదు గనుక, నాలుగు, ఆరు, తొమ్మిది మీటర్లలో మూడు తువ్వాళ్లు పరిచి ప్రతి షాట్‌కూ లక్ష్యం మార్చడమే మంచిది. 1999లో గాబ్రియెలా వుల్ఫ్ బృందం కొత్తవారికి పిచ్ షాట్ (బంతిని ఎత్తుగా లేపే చిన్న దెబ్బ) నేర్పినప్పుడు, చేతుల కదలిక మీద ధ్యాస పెట్టినవారికంటే క్లబ్బు కదలిక మీద పెట్టినవారి గురి బాగా కుదిరింది.

పెరట్లో నిజమైన గోల్ఫ్ బంతి వద్దు. సెకనుకు 15 మీటర్ల వేగంతో దారితప్పిన బంతిలో, కిలో బరువు అర మీటరు ఎత్తు నుంచి పడినంత శక్తి ఉంటుంది. పొరుగింటి అద్దానికి అది చాలు. ఫోమ్ బంతి తేలిక కాబట్టి గాలి దాన్ని త్వరగా ఆపేస్తుంది. దానితో దెబ్బ తగిలే తీరును, దిశను చూసుకోవచ్చు గానీ, దూరపు లెక్క మాత్రం మైదానంలో అసలు బంతితో మళ్లీ సరిచూసుకోవాలి.

దొర్లడం మాత్రం ఇంట్లో కుదరదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల ఇళ్లలోనూ గోల్ఫ్ మైదానాల్లోనూ విస్తారంగా పెంచే బెర్ముడా గడ్డి, మనం వినాయకుడి పూజకు కోసే గరికే. అయితే గ్రీన్ మీద దాన్ని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. ఇంటి పచ్చిక అంతకు పదింతలు ఉంటుంది, బంతి పడ్డచోటే చిక్కుకుంటుంది. కాబట్టి పెరట్లో బంతి చివరికి ఎక్కడ ఆగిందో పట్టించుకోకుండా, మొదట ఎక్కడ పడిందో మాత్రమే గమనించాలి. పొద్దున్నే మంచు తడి ఉన్నప్పుడు ఆ గుర్తును కూడా పూర్తిగా నమ్మలేం. క్లబ్బు ముఖానికీ బంతికీ మధ్య నీరు చేరితే ఘర్షణ తగ్గి, బంతి మామూలుకన్నా ఎత్తుగా, తక్కువ స్పిన్‌తో లేస్తుంది. గడ్డి ఆరాక అదే ఊపుకు మరో చోట పడుతుంది.