పది మందికి ఒక టీచర్: ఈ లెక్క ఎక్కడిది?

వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ పోస్టుల గొడవ మళ్లీ మొదటికొచ్చింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్నవాళ్లు రెగ్యులర్ చేయమంటున్నారు. డీఎస్సీ కోసం చదువుతున్నవాళ్లు ఆ పోస్టులు తమకు రావాలంటున్నారు. ప్రభుత్వాలు ఖజానా చూపిస్తున్నాయి.

1995 నాటి వికలాంగుల చట్టం, ఆ తర్వాత విద్యాహక్కు చట్టం పిల్లల ఉచిత చదువు గురించి చెప్పాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలోనో, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. అయితే ఎంతమంది పిల్లలకు ఎందరు టీచర్లుండాలో అందులో లేదు. అంకె లేని హక్కును తప్పించుకోవడం తేలిక. ర్యాంపు కట్టి ఫొటో తీస్తే హక్కు అమలైనట్టే.

ఆ అంకె కోసం తీర్పు వచ్చింది 2021 అక్టోబర్ 28న, సుప్రీంకోర్టులో. నా లెక్కలో అసలు మలుపు అదే. విచిత్రమేమిటంటే, 2016లో ఆ పిటిషన్ వేసింది తల్లిదండ్రులు కాదు, శిక్షణ పొందిన స్పెషల్ టీచర్లు. వాళ్లడిగింది ఉద్యోగ భద్రత. కోర్టు మాత్రం ఆ ప్రశ్నను పిల్లల వైపు తిప్పింది. మామూలు బడుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు, టీచర్లకు నిష్పత్తి ఖరారు చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఖాళీలను 2022-23 విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు నింపమంది.

అదే తీర్పులో ఒక కిటికీ కూడా తెరిచి ఉంది. సరిపడా టీచర్లు దొరికేదాకా ఉన్నవాళ్లను క్లస్టర్‌లోని, అంటే చుట్టుపక్కల బడుల గుంపులోని, బడులన్నింటికీ తిప్పుకోవచ్చంది. 'తాత్కాలికంగా' అన్న మాట రాష్ట్రాల చేతిలో ఎంతకాలం సాగుతుందో మనకు కొత్తగా చెప్పాలా! ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం నుంచి బడికీ, బడి నుంచి మంచం దిగలేని పిల్లల ఇంటికీ తిరిగే రిసోర్స్ పర్సన్‌ను, అంటే కాంట్రాక్టు స్పెషల్ టీచర్‌ను, ఏ తెలుగు మండలంలో అడిగినా చెబుతారు. ఒకే మనిషి వినికిడి లోపమున్న బిడ్డకూ, మానసిక ఎదుగుదల మందగించిన బిడ్డకూ, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకూ టీచర్. జీతం మాత్రం సమగ్ర శిక్ష పథకం నుంచి, ఏడాదికోసారి రెన్యువల్.

2022 సెప్టెంబర్‌లో కేంద్రం నిష్పత్తి ప్రకటించింది. ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై 15 మందికి ఒకరు. చాలాచోట్ల పోస్టులు మాత్రం రాలేదు. 2025 మార్చి 7న సుప్రీంకోర్టు మళ్లీ కల్పించుకుని, చాలా రాష్ట్రాలు ఎన్ని పోస్టులు కావాలో కూడా తేల్చలేదని గుర్తుచేసి, మూడు వారాల్లో ప్రకటించమంది. కాంట్రాక్టు సిబ్బంది అర్హతలను ముగ్గురు సభ్యుల కమిటీ పరిశీలించాలని, అర్హులైతే అప్పటినుంచి రెగ్యులర్ స్కేలు ఇవ్వాలని చెప్పింది. ఇప్పుడు రెగ్యులర్ చేయమంటున్నవాళ్లు పట్టుకున్నది ఈ ఆదేశాన్నే. పట్టుకోవడంలో తప్పేం కనిపించదు.

తెలంగాణ 2024 డీఎస్సీలోనే 1,016 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. పరీక్ష రాసి ఎంపికవడమే న్యాయమన్నది ప్రభుత్వాల వాదన. అదీ కొట్టిపారేయదగ్గది కాదు.

పోస్టుల సంఖ్య తేలేది పిల్లల సంఖ్యను బట్టి. ఆ సంఖ్యలోకి ఎక్కాలంటే ముందు ఎవరో ఒకరు ఆ బిడ్డను గుర్తించాలి, ఆ తర్వాత వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపు, సర్టిఫికెట్. చూపులేని బిడ్డను ఎవరైనా గుర్తిస్తారు. చదవడంలో తడబడే బిడ్డకు బడిలో దక్కే పేరు మొద్దు. ఆ తేడా కనిపెట్టాల్సింది తరగతి టీచరే. అందుకే మామూలు బడుల్లోని మిగతా టీచర్లకు కూడా శిక్షణ తప్పనిసరి చేయాలని 2021 తీర్పు చెప్పింది. ఇప్పటి గొడవలో ఆ భాగం ఎవరి నోటా వినపడదు.