వెంటిలేటర్ మీద మత్తు: ఐసీయూ బయట మాటలు, లోపల మా పని

"ఇప్పుడు మీ నాన్నగారికి మత్తు ఆపుతున్నాం" అనగానే బంధువుల ముఖాలు వాడిపోతాయి. "గొంతులో గొట్టం ఉండగా లేపుతారా సిస్టర్, పాపం కదా!" అంటారు. ప్రేమ కొద్దీ అనే మాట అది. అందుకే ఐసీయూ నర్సుగా నాకు తెలిసింది కాస్త ఓపిగ్గా చెప్తాను.

అపోహ: ఎంత గాఢంగా మత్తులో ఉంటే అంత సుఖం.

వాస్తవం: మత్తు నిద్ర కాదు. రోజుల తరబడి కదలకపోతే కండలు కరిగిపోతాయి, దగ్గే బలం పోతుంది, కఫం పేరుకుంటుంది. 2000లో షికాగో వైద్యులు 128 మందిని గమనించారు. రోజుకోసారి మత్తు ఆపి లేపిన వాళ్లకు దాదాపు 5 రోజుల్లో వెంటిలేటర్ తీయగలిగారు, మిగతా వాళ్లకు 7 రోజులు దాటింది. అలాగని అసలు మత్తే వద్దని కాదు. ఆ పద్ధతిని డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లలో 700 మందిపై పరీక్షించారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో మరణాలేమీ తగ్గలేదు. కాబట్టి మేం తేలిక మత్తు దగ్గర ఆగుతాం. మత్తు ఎంత లోతుగా ఉందో కొలిచే రాస్ స్కేలులో 0 అంటే మెలకువగా, నెమ్మదిగా ఉన్నట్టు. మైనస్ 5 అంటే తట్టినా ఉలుకూ పలుకూ లేనట్టు. ఎక్కువ మందిని 0కి, మైనస్ 2కి మధ్య ఉంచుతాం. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి మన వైపు చూడాలి.

ఫిట్స్ ఆగని వాళ్లకి, మెదడులో ప్రెషర్ పెరిగిన వాళ్లకి ఈ లెక్క వర్తించదు. వెకురోనియం లాంటి మందు నడుస్తున్నప్పుడైతే మత్తు అస్సలు ఆపకూడదు. అది ఒంటిని కదలనివ్వదు గానీ తెలివిని ఆపదు.

అపోహ: కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నారంటే మత్తు చాలలేదు.

వాస్తవం: నేను కొత్తగా చేరినప్పుడు ఒక పెద్దాయన రాత్రంతా మంచం రెయిలింగ్ పట్టుకుని ఊపేశారు. డాక్టరుగారికి ఫోన్ చేసి, రెండుసార్లు మిడజోలం అనే మత్తుమందు ఇచ్చాను. పొద్దున డ్యూటీకొచ్చిన సీనియర్ అక్క "దుప్పటి తీసి చూశావామ్మా?" అంది. నేను చూడలేదు. పొత్తికడుపు రాయిలా ఉంది. యూరిన్ గొట్టం తొడ కింద మడతపడింది. సరిచేయగానే బ్యాగులోకి దాదాపు లీటరు దిగింది. ఆయన నుదుటి ముడతలు విడిపోవడం నా కళ్లతో చూశాను. నోరు లేని మనిషి చెప్పుకోవడానికి చేసిన ప్రయత్నాన్ని రాత్రంతా మందుతో నొక్కేశానే అని ఇప్పటికీ బాధపడతాను.

అప్పట్నుంచీ ముందు చూసేది ఆక్సిజన్, కఫం, గొట్టాలు, యూరిన్, నొప్పి. నొప్పి ఉంటే ఫెంటానిల్. మిడజోలం నొప్పిని తగ్గించదు, పైగా భ్రాంతి పెంచొచ్చు. పురుగుమందు తాగి వచ్చిన వాళ్లు కొట్టుకుంటుంటే, విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువైందేమో చూడాలి. మద్యం మానేసిన రెండో రోజో మూడో రోజో వణుకు మొదలైతే, రోజూ తాగే అలవాటుందా అని ఇంట్లో వాళ్లను అడగాలి. దయచేసి దాచకండి, చికిత్సే మారిపోతుంది.

అపోహ: మత్తు ఆపినా లేవలేదంటే ఇక లేవరు.

వాస్తవం: పాలలా తెల్లగా ఉండే ప్రోపోఫోల్ అనే మత్తుమందు కొద్దిసేపు ఇచ్చి ఆపితే ప్రభావం త్వరగా దిగుతుంది. మిడజోలం రోజుల తరబడి వాడాక, అందులోనూ కిడ్నీలు దెబ్బతిన్న వాళ్లలో, ఒంట్లో పేరుకుపోతుంది. ఆపాక తెలివి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కంటిపాపలు తేడాగా ఉన్నా, ఒకవైపు చెయ్యి కదలకపోయినా మాత్రం ఎదురుచూడం, స్కాన్‌కి పంపుతాం.

అపోహ: వాళ్లకేం వినపడదు.

వాస్తవం: చాలామందికి వినపడుతుంది. బిల్లు సంగతి మంచం పక్కన మాట్లాడొద్దు. విజిటింగ్ టైముకి వచ్చేటప్పుడు ఆయన కళ్లద్దాలు, చెవి మిషన్ తెచ్చివ్వండి. "ఇవాళ రాస్ ఎంత ఉంది, మత్తు ఎప్పుడు ఆపారు?" అని మమ్మల్ని అడగండి, చెప్తాం. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని, మీరెవరో, ఇవాళ ఏ వారమో చెప్పండి.