రాజీకి ఒప్పుకోకపోతే కేసు పోతుందా? మీడియేషన్‌పై అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి, పెట్టేస్తాను."

కిందటి నెల మా మీడియేషన్ సెంటర్‌లో (కోర్టు పంపిన కేసుల్లో ఇరుపక్షాలనీ కూర్చోబెట్టి, రాజీ కుదురుతుందేమో మాట్లాడించే చోటు) ఒక అమ్మాయి కుర్చీలో కూర్చోకముందే అన్న మాట ఇది. అప్పటికి నేను నా పేరు కూడా చెప్పలేదు. అటువైపు భర్త, అత్తమామలు. ఇటువైపు ఆమె తండ్రి, మేనమామ, వాళ్ల ఊరి పెద్దమనిషి ఒకాయన. అసలు మాటలే మొదలు కాలేదు, కాగితం మీద ఏం రాస్తామో ఎవరికీ తెలియదు. అయినా ఆమె సంతకానికి సిద్ధంగా ఉంది. ఎందుకమ్మా అంత తొందర అని అడిగితే, "జడ్జిగారే పంపారు కదా మేడమ్. ఇక్కడ ఒప్పుకోకపోతే కేసు కొట్టేస్తారట. మామయ్య చెప్పాడు" అంది.

పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. వృత్తి లాయర్, 40 గంటల శిక్షణ తీసుకుని మీడియేటర్‌నయ్యాను. ఈ మాట వినపడని నెల లేదు. చెప్పేవాళ్లు మారతారు: ఒకసారి మామయ్య, ఒకసారి గుమస్తా, ఒకసారి టీ కొట్టు దగ్గర కలిసిన ఎవరో. వినేవాళ్ల భయం మాత్రం ప్రతిసారీ ఒకటే. అందుకే ఈసారి కూర్చుని రాస్తున్నాను.

అపోహ: కోర్టు మీడియేషన్‌కి పంపిందంటే రాజీ పడి తీరాలి

లేదు. రావడం తప్పనిసరి, ఒప్పుకోవడం మీ ఇష్టం. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే జనం ఎక్కువగా నష్టపోతున్నారు.

సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 89, 2002 జులై 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రాజీకి అవకాశం కనిపిస్తే కోర్టు కేసును మీడియేషన్‌కి పంపవచ్చు. పంపడానికి మీ ఒప్పుదల అక్కర్లేదని 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట ఒక మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) పంపాలంటే మాత్రం రెండు పక్షాలూ ఒప్పుకోవాలంది. సగం విన్నవాళ్లు దీన్ని "మీడియేషన్‌లో మన ఇష్టంతో పని లేదు" అని ప్రచారం చేశారు. ఒప్పుదల అక్కర్లేనిది పంపడానికే. అక్కడ కూర్చున్నాక మీరు కాదంటే కాదే. కేసు ఏ దశలో ఆగిందో ఆ దశ నుంచే మళ్లీ నడుస్తుంది.

కాదన్నందుకు జడ్జిగారికి కోపం వస్తుందేమో అనేది తర్వాతి భయం. ఎవరు కాదన్నారో ఆయనకు తెలిసే దారే లేదు. మేం పంపే రిపోర్టులో "రాజీ కుదరలేదు" అని మాత్రమే ఉంటుంది. ఎవరు ఎంత అడిగారు, ఎవరు మొండికేశారు, ఎవరు లేచి వెళ్లిపోయారు, ఇవేవీ రాయకూడదు. 2010లోనే మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. కుదిరితే ఒప్పందం పంపాలి, కుదరకపోతే కుదరలేదని చెప్పాలి, అంతే.

ఆ అమ్మాయి దగ్గరికి వస్తాను. అందరినీ బయట కూర్చోమని ఆమెతో విడిగా మాట్లాడాను. మేనమామ వెంటనే లేవలేదు, "దానికేం తెలీదండి, నేను చెప్తాను" అన్నారు. రెండోసారి అడిగితే వెళ్లారు. మొదటి పది నిమిషాలు ఆమె ఏమీ చెప్పలేదు. తర్వాత మెల్లగా బయటికొచ్చింది. భర్త కొడతాడు. అందరి ముందూ మారానని అన్నాడు కానీ పోయిన వారం కూడా ఫోన్ చేసి బెదిరించాడు. మరి మళ్లీ అతని దగ్గరికి ఎందుకు వెళ్తానంటున్నావు అంటే, "చెల్లికి సంబంధాలు చూస్తున్నారు మేడమ్. నేను పుట్టింట్లో ఉంటే కుదరవు" అంది.

ఇప్పుడు చెప్పండి, ఆ సంతకం ఆమె ఇష్టమేనా?

కొట్టుకోకుండా, తిట్టుకోకుండా, బల్లకి అటూ ఇటూ కూర్చుని తేల్చుకుంటే అది అహింసా మార్గం అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గదిలో ఎవరూ గొంతు పెంచకపోయినా ఒక మనిషి చుట్టూ ఐదుగురు కూర్చుని "సర్దుకుపోమ్మా" అని రెండు గంటలపాటు అంటే అదీ దెబ్బే. నా వృత్తిలో నీతి అంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. ఎన్ని కేసులు రాజీ చేశానన్న లెక్కకంటే, పెట్టిన ప్రతి సంతకం వెనక ఆ మనిషి ఇష్టం ఉందా అన్నదే నాకు ముఖ్యం. అందుకే మాటలకంటే ముందు మనుషుల్ని చూస్తాను. ఎవరు ఎవరితో వచ్చారు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఎవరి ముఖం వైపు చూస్తున్నారు. బెదిరింపు ఇంకా నడుస్తోందని తెలిస్తే నేను అక్కడితో ఆపేస్తాను.

ఆ రోజు "రాజీ కుదరలేదు" అని రాసి పంపాను. గుమ్మం దగ్గర ఆమె తండ్రి ఆపి, "కలుపుతారని వస్తే విడగొట్టారమ్మా" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఊళ్లో తల ఎత్తుకు తిరగాలి, రాత్రిళ్లు నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. కాసేపు ఆయనతో కూర్చున్నాను. కేసు ఎక్కడికీ పోదని, కూతురికి రక్షణ ఉత్తర్వు అడిగే హక్కు 2005 గృహహింస చట్టం కింద ఉందని, లాయర్ ఫీజు కట్టలేకపోతే ఉచితంగా ఇస్తారని చెప్పాను. ఆయన విన్నారు. ఒప్పుకున్నారో లేదో తెలియదు. ఆమె కేసు నడుస్తోంది.

ఇదంతా నాకు మొదటి రోజే తెలుసని అనుకోకండి. తెలుసుకోవడానికి ఒక కుటుంబం మూల్యం చెల్లించింది.

మొదటి ఏడాదిలో అన్నదమ్ముల గట్టు తగాదా ఒకటి వచ్చింది. పొలం మీదుగా దారి గొడవ. పొద్దున పదిన్నరకి మొదలుపెట్టాం. సాయంత్రం ఆరయ్యేసరికి అన్న ఒప్పుకున్నాడు, తమ్ముడు తల ఊపాడు. ఇద్దరూ ఆ రోజు అన్నం తినలేదు. నాకేమో ఆ వారంలో అదే మొదటి రాజీ, సంబరంగా ఉంది. "ఉభయులూ దారిని సామరస్యంగా వాడుకోవాలి" అని రాసి సంతకాలు తీసుకున్నాను. ఎన్ని అడుగుల దారి? ట్రాక్టర్ పోవచ్చా, ఎడ్లబండేనా? కోతల కాలంలో ఎవరు ముందు? ఒక్కటీ రాయలేదు. దాని మీద డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చాక ఏడాదిన్నరకి ఆ కాగితం పట్టుకునే మళ్లీ కోర్టుకెక్కారు, ఈసారి ఈపీ, అంటే డిక్రీని అమలు చేయించమనే పిటిషన్. మధ్యలో ఒకరి తల పగిలింది. కోర్టు వరండాలో తమ్ముడు కనిపిస్తే అడిగాను, ఆ రోజే ఇష్టం లేదని ఎందుకు చెప్పలేదని. "పెద్దవారు, మీరు అంతసేపు కష్టపడి అడిగారు. కాదంటే బాగుండదని పెట్టాను మేడమ్" అన్నాడు.

ఒత్తిడి చేసింది నేనే. మర్యాదగా, నవ్వుతూ చేశాను. అప్పటినుంచి సాయంత్రం నాలుగు దాటితే సంతకాలు తీసుకోను. ఎంత కుదిరినా కాగితం ఇంటికి పంపిస్తాను, చదువుకుని ఇంకో తేదీన రమ్మంటాను. "సామరస్యంగా" అనే మాట నా ఒప్పందాల్లో కనపడదు. దారి అయితే అడుగులు, డబ్బయితే తేదీలు, బంగారమైతే తులాలు, పిల్లలైతే ఏ వారం, ఎన్ని గంటలకి, ఎక్కడ. మళ్లీ అన్నం వేళ దాటనివ్వను. ఆకలితో ఉన్న మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాజీ కుదరక కేసు వెనక్కి వెళ్తే ఏమీ పోదు. ఇష్టం లేని రాజీ మీద డిక్రీ వచ్చిందంటే మాత్రం దాన్ని తిరగదోడడం చాలా కష్టం. ఒప్పుదల మీద ఇచ్చిన డిక్రీకి మామూలు అప్పీలు ఉండదు. ఒప్పందం కోర్టు ముందుకు వెళ్లినప్పుడు జడ్జిగారు ఇష్టపూర్వకంగానే పెట్టారా అని అడుగుతారు. ఒత్తిడి ఉంటే అక్కడే నోరు తెరవాలి. "తర్వాత చూసుకుందాం" అనుకున్నవాళ్లు నా దగ్గరికి ఏడుస్తూ వచ్చారు, నేనేమీ చేయలేకపోయాను.

అపోహ: ఏ గొడవనైనా కూర్చోబెట్టి తేల్చేయొచ్చు

దీని మీద నాకు ఓపిక లేదు. అత్యాచారం, పసిపిల్లల మీద లైంగిక నేరం, ఇవి కూర్చుని మాట్లాడుకునే విషయాలు కావు. "ఇంత డబ్బిచ్చి పెళ్లి చేసేస్తే సరిపోతుంది" అని ఇప్పటికీ రచ్చబండ దగ్గర అంటున్నారు. అత్యాచారం కేసులో రాజీ అన్న ఆలోచనే తగదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి పంచాయితీకి మిమ్మల్ని పిలిస్తే వెళ్లకండి. వెళ్లమని ఎవరినీ ఒత్తిడి చేయకండి.

భార్యాభర్తల కేసుల సంగతి వేరు. వరకట్న వేధింపుల కేసుల్లోనూ రాజీకి అవకాశం కనిపిస్తే మీడియేషన్‌కి పంపవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన అప్పీలే అది. అయితే వరకట్న వేధింపుల సెక్షన్ పదును తగ్గకూడదని కూడా అదే తీర్పులో ఉంది. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

అపోహ: ఇక్కడ చెప్పింది రేపు కోర్టులో మన మీదే వాడతారు

వాడలేరు. మీడియేషన్‌లో అన్నది అక్కడే ఉండిపోతుంది. విడిగా మాట్లాడినప్పుడు మీరు చెప్పింది, మీరు ఒప్పుకుంటే తప్ప అవతలి వాళ్లకి కూడా చెప్పను. నన్ను సాక్షిగా పిలిపించడం కూడా కుదరదు. రాసుకున్న కాగితాలు పని అయ్యాక చింపేస్తాను. ఒక వ్యాపారి నాలుగు సిట్టింగుల పాటు "పైసా ఇవ్వను" అన్న మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఈ రూలు వివరంగా చెప్పాక, తను భాగస్వామికి బాకీ ఉన్నది నిజమేనని, ఒకేసారి కట్టే స్తోమత లేక బుకాయిస్తున్నానని చెప్పాడు. ఆ రోజే దారి దొరికింది.

అపోహ: రాజీ అడిగినవాడు బలహీనుడు

గాంధీ 1893లో దక్షిణాఫ్రికా వెళ్లింది ఒక వ్యాపార దావా పని మీద. దాదా అబ్దుల్లా, తయ్యబ్ సేఠ్ ఒకే ఊరివాళ్లు, బంధువులు. దావా 40,000 పౌండ్లకి. కేసు సాగితే ఇద్దరూ మునుగుతారని గాంధీ బతిమాలి ఆర్బిట్రేషన్‌కి ఒప్పించారు. గెలిచింది దాదా అబ్దుల్లానే, 37,000 పౌండ్లు, పైన ఖర్చులు. అంత మొత్తం ఒకేసారి కట్టమంటే తయ్యబ్ సేఠ్ దివాలా తీస్తాడు. అప్పుడు గాంధీ గెలిచిన తన కక్షిదారు దగ్గరికే వెళ్లి, వాయిదాల్లో తీసుకోమని ఒప్పించారు. ఆర్బిట్రేషన్‌కి ఒప్పించడంకంటే ఇదే కష్టమైందట. చేతిలో గెలుపు ఉన్నవాడు మెత్తబడడాన్ని బలహీనత అని ఎవరంటారు? నా వ్యాపారి కేసులో వాయిదాల ఆలోచన నాకు వచ్చింది ఇక్కడి నుంచే.

ఇదే ఊపులో ఇంకో మాట. మన దగ్గర "సెటిల్‌మెంట్" అనగానే సుమోలు, రౌడీలు, ఖాళీ స్టాంపు కాగితాలు గుర్తొస్తాయి. ఆ భయంతో రానివాళ్లు కూడా ఉన్నారు. ఖాళీ కాగితం మీద సంతకం అడిగేది మీడియేషన్ కాదు, ఎవరు అడిగినా పెట్టొద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను

మీడియేటర్ తీర్పు చెప్పడు. ఎవరిది తప్పో తేల్చడు. శ్రీకృష్ణుడి రాయబారంతో పోలుస్తుంటారు కానీ ఆయన వెళ్లింది పాండవుల తరఫున. మేం ఎవరి తరఫునా కాదు.

లోక్ అదాలత్, మీడియేషన్ ఒకటి కాదు. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కిస్తారు. అక్కడ కూడా మీ ఒప్పుదల లేకుండా అవార్డు ఇవ్వకూడదు. జాతీయ లోక్ అదాలత్ రోజున రద్దీగా ఉంటుంది, తొందరపెడతారు. మీరు తొందరపడొద్దు. పర్మనెంట్ లోక్ అదాలత్ మళ్లీ వేరు. ప్రజోపయోగ సేవల (కరెంటు, నీళ్లు, రవాణా లాంటివి) గొడవల్లో రాజీ కుదరకపోతే అది తీర్పు కూడా చెప్పగలదు.

లాయర్‌ని లోపలికి రానివ్వరనేది అబద్ధం. తీసుకురండి. నేనైతే రమ్మనే చెప్తాను.

సంతకానికి ముందు కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించమని అడగండి. అర్థం కాని మాట ఉంటే మార్పించండి. ఆలోచించుకోవడానికి టైమ్ అడగండి. ఇంట్లోవాళ్ల ముందు మాట్లాడలేకపోతే, "మీతో విడిగా మాట్లాడాలి" అని మీడియేటర్‌కి చెప్తే చాలు, కారణం చెప్పక్కర్లేదు. లాయర్ లేకపోతే మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఆ అమ్మాయికి ఇప్పుడు కేసు నడుపుతున్న లాయర్ దొరికింది కూడా అక్కడే.