పక్కింటి చారు

పిల్లలూ,

మొన్న ఆషాఢ చతుర్దశి రాత్రి, సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్లకు హనుమంతవాక దగ్గర మీరంతా మజ్జిగ పోశారు కదా. 32 కిలోమీటర్లు, చాలామంది కాళ్లకు చెప్పులు కూడా లేవు. వాళ్లను చూసి ఒకాయన "కొండ చుట్టూ తిరిగితే ఏమొస్తుందిరా!" అని పగలబడి నవ్వాడు. నడుస్తున్న కుర్రాడొకడు వెనక్కొచ్చి ఆయన కాలర్ పట్టుకున్నాడు. పెద్దవాళ్లు విడదీశారు. అప్పుడు మీలో చిన్నది నా చొక్కా లాగి, "తాతయ్యా, తప్పెవరిది? నవ్వినాయనదా, కొట్టబోయినవాడిదా?" అని అడిగింది.

చారు సంగతి చెప్తాను. మీ నాయనమ్మ చారులో మిరియాలు దంచి వేస్తుంది. పక్కింటావిడ బెల్లం ముక్క వేస్తుంది. ఎవరికి అలవాటైన చారు వాళ్లకు అమృతం. "ఇదీ ఒక చారేనా" అని మనం వెక్కిరిస్తే ఆవిడ మనసు చివుక్కుమంటుంది. అది వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న చారు మరి. అలాగని మన చారే చారంటూ పక్కింటి గిన్నె తన్నేస్తే? అది ఇంకా ఘోరం. మన ఇంట్లో మాత్రం "నాయనమ్మా, ఉప్పెక్కువైంది" అనొచ్చు, అనాలి కూడా. వేమన తన చుట్టూ ఉన్నవాళ్లను అలాగే నిలదీశాడు. అసలు చారే వద్దు, పెరుగన్నం చాలనేవాళ్లూ ఉంటారు. వాళ్లకూ విస్తరి వెయ్యాలి. మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతస్వేచ్ఛ ఇచ్చింది, 51ఎ లో ప్రశ్నించే గుణం పెంచుకోమనీ చెప్పింది.

నన్నడిగితే నవ్వినాయనది తప్పే. చెయ్యెత్తినవాడిది అంతకంటే పెద్ద తప్పు. మాటకు మాటతో జవాబు చెప్పుకోవచ్చు, దెబ్బ పడ్డాక ఇంక ఎవరూ ఏమీ వినరు.

ఆ నవ్వు ఎంత నొప్పో నాకు తెలుసు. ఐదో క్లాసులో ఉండగా మేం విశాఖ వన్ టౌన్‌లో ఉండేవాళ్లం. నా పక్కన కూర్చునే స్నేహితుడు అన్నం తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఒకరోజు నేను వాడిలాగే పెదాలు కదిపి చూపించాను. అందరూ నవ్వారు. వాడు కళ్లు తెరిచి, ఏమీ అనకుండా డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు. లోపల చేపల పులుసు కలిపిన అన్నం. మూతను గట్టిగా నొక్కుతున్న వాడి బొటనవేలు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఆ రోజు వాడు తినలేదు. ఇంటికొచ్చి చెప్తే నాన్న తిట్టలేదు, "ఆదివారం వాడితో కలిసి రాస్ కొండ ఎక్కిరా" అన్నారంతే. ఎక్కాను. వాళ్లమ్మ నా చేతికీ ఒక కొవ్వొత్తి ఇచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాను, గొంతు పెగల్లేదు. వాడే నా చేతిలో కొవ్వొత్తి వెలిగించాడు.

రాస్ దొర 1864లో కట్టుకున్న ఇల్లే తర్వాత ఆ కొండమీద మేరీమాత గుడి అయింది. ఆ పక్కనే వెంకటేశ్వరస్వామి కొండ, ఇసాక్ మదీనా బాబా దర్గా కొండ. మూడింటి కిందనుంచే ఓడలు హార్బర్‌లోకి వస్తాయి. అక్కడ నిలబడితే నాకెలా ఉంటుందో ఈ కాగితం మీద పెట్టలేను. వచ్చే ఆదివారం మీరే వెళ్లండి. మూడు కొండలూ ఎక్కండి. ఓడ లోపలికి వచ్చేదాకా ఆగండి. ఏ కొండ మీద గాలి ఎలా వీచిందో నాకు రాయండి.

మీ తాతయ్య